గోదావరి వరి, మెకాంగ్ వరి

వియత్నాంతో మన దేశానికి పూర్తిస్థాయి దౌత్య సంబంధాలు 1972 జనవరి 7న ఏర్పడ్డాయి. అప్పటికింకా ఆ నేలమీద అమెరికా బాంబులు కురుస్తూనే వున్నాయి. కలకత్తాలో అమెరికా కాన్సులేటు వున్న వీధికే హోచిమిన్ పేరు పెట్టుకున్న జనం మనవాళ్లు. యుద్ధం ముగిశాక మన దేశం ఆ దేశానికి ముర్రా గేదెలు పంపింది. మెకాంగ్ డెల్టాలోని కాన్ థోలో 1977లో వరి పరిశోధనా సంస్థ నెలకొల్పడానికి సాయపడింది. స్నేహమంటే అది. గేదె, విత్తనం, చదువుకున్న మనిషి.

2016లో ఈ సంబంధాన్ని ‘సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యం’ చేశారు. పెద్ద మాటే. పది కోట్ల డాలర్ల అప్పు కింద 12 గస్తీ పడవలు కట్టించి 2022లో అప్పగించారు. పడవలు వద్దనడం లేదు మేము. వరి సంగతేమిటని అడుగుతున్నాం.

ప్రపంచ బజారులో అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు సగం ఈ రెండు దేశాలదే. అయినా ఒకరికొకరు చెప్పుకోకుండానే ధర ఎక్కుతున్నది, దిగుతున్నది. 2021 జనవరిలో ఏం జరిగిందో చూడండి. అక్కడ పంట తగ్గి ధర తొమ్మిదేళ్లలో ఎన్నడూ లేనంత పెరిగితే, దశాబ్దాల తర్వాత మొదటిసారి మన నూకలు కొన్నారు. టన్ను సుమారు 310 డాలర్ల చొప్పున 70 వేల టన్నులకు బేరం కుదిరింది. కోళ్ల మేతకూ, బీరు కాయడానికీ ఆ నూకలు. ఎగుమతిదారుడికి లాభమే. నాటుకూలి నాలుగు రూపాయలు పెరిగిందని మాత్రం మేము ఎక్కడా వినలేదు.

2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం మీద నిషేధం పెట్టారు. వియత్నాం ధర టన్నుకు 600 డాలర్లు దాటింది. 2024 సెప్టెంబరులో మనవాళ్లు గేటు తీశారు. కొద్ది నెలలకే, 2025 ఆరంభంలో, అక్కడి ధర 400 డాలర్ల కిందికి జారింది. మెకాంగ్ రైతు ఏ తప్పు చేశాడని?

నిషేధమే తప్పని మేము అనం. కూలివాడు బియ్యం పండిస్తాడుగాని కొనుక్కునే తింటాడు గదా. ఇంట్లో కుండ నిండాక ఓడ నింపాలి. కాని రాత్రికి రాత్రి గేటు వేసి, రాత్రికి రాత్రే తెరిస్తే నిల్వ పెట్టుకోగల మిల్లరు తట్టుకుంటాడు. కళ్లంలోనే అమ్ముకునే కౌలు రైతు తట్టుకోలేడు. 2025-26కు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,777. తేమ ఎక్కువుందని, తూకమని కోతపెట్టాక చేతికి ఎంత వస్తున్నదో చదివేవారికి మేము చెప్పక్కర్లేదు.

ఇంకో కష్టం కూడా ఇద్దరిదీ ఒకటే. 2016లో, మళ్లీ 2020లో సముద్రపు నీరు మెకాంగ్ పాయల్లోకి ఎగదన్ని చేలు చౌడుబారాయి. మన కృష్ణా, గోదావరి శివారు భూముల వాళ్లకు ఆ ఉప్పు రుచి తెలుసు. తక్కువ నీటితో, తక్కువ ఎరువుతో పది లక్షల హెక్టార్లలో వరి పండించే పథకానికి వియత్నాం 2023లో పూనుకున్నది. అది చూసి రావడానికి అధికారులనే కాదు, మడిలో దిగినవాళ్లను కూడా పంపాలి. ఉప్పుకు ఓర్చే విత్తనాలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడవాలి.

ఎగుమతి ఆపేముందు, తెరిచేముందు ఒకరికొకరు కబురు చెప్పుకునే ఏర్పాటు వుండాలి. ఇంత ధరకు దిగువన అమ్మబోమని కూర్చుని మాట్లాడుకోవాలి. బీద దేశాలు తినే బియ్యం గనక పై ధరకూ హద్దు వుండాలి. ఆ చర్చల్లో మంత్రులు, ఎగుమతిదారులు ఎలాగూ వుంటారు. సాగుదారు కార్డు కూడా చేతికి రాని కౌలు రైతుకు, కోతకూలికి, ఓడరేవు హమాలీకి అక్కడ కుర్చీ వెయ్యాలని మేము కోరుతున్నాం.