పాపికొండల్లో పెట్టెల మోత

తుక్కుగూడలో మా ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. ఆ హోరు విడిచి గోదావరిని విందామని 2012లో నేనూ, మా ఆవిడా రాజమండ్రి వైపు నుంచి పాపికొండల లాంచీ ఎక్కాము. భోజనానికి వంక పెట్టను. వేడన్నం, పప్పు, గుత్తివంకాయ, గడ్డపెరుగు. కొల్లూరు వెదురు గుడిసెలో నిద్ర కూడా హాయిగానే పట్టింది (దోమలను లెక్కలోకి తీసుకోకపోతే!). వినోదమే ప్రాణం తీసింది. నదికి వినబడేటంత మోతలో సినిమాపాటలు, గంతులు. లైఫ్ జాకెట్లు తొడుక్కోండని సరంగు చెప్పిన మాట ఆ పాటల్లోనే కొట్టుకుపోయింది. మేమూ తొడుక్కోలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిందని విన్నప్పుడు నాకు మొదట స్ఫురించినది ఆ పాటే. ఆటపాటలు వద్దనను. ప్రతివారి ఒంటి మీదా జాకెట్టు చూసిన తరువాతనే పెట్టె మోగాలి. కచ్చులూరు మలుపులో మాత్రం అది నోరు మూసుకోవాలి.