గిటారుకి ఆడపేరు పెడితే చాలా?

ఆదివారం సాయంత్రమయ్యేసరికి మా ఇంట్లో గిటారు సభ మొదలవుతుంది. సభ అంటే ఎవరో వచ్చి వాయిస్తారనుకునేరు. వచ్చేవాళ్ళలో వాయించడం చేతనైనవాడు ఒక్కడూ లేడు. మా వారు, మా మరిది, పై వాటా ఆయన, మా వారితో కాలేజీలో చదివిన మరో ఇద్దరూ. అందరూ అరవై దాటినవాళ్ళే. ఎప్పుడో యాభై, అరవై ఏళ్ళ కిందట అమెరికాలోనూ ఇంగ్లండులోనూ జరిగిన కచేరీలు టీవీలో పెట్టుకుని, "ఆ తీగ ఎలా లాగాడో చూశావుట్రా!" అని ఒకరి వీపు ఒకరు చరుచుకుంటారు. కుర్రతనంలో కాసెట్లకి ఎక్కించుకుని విన్న పాటలుట. ఇప్పుడు మనుషుల్ని కూడా చూస్తూ వినడం వాళ్ళకి పెద్ద పండగ.

నిజం చెప్పొద్దూ, మొదట్లో తలనొప్పిగా ఉన్నా వినగా వినగా నాకూ ఆ సంగీతం మీద ఇష్టం కలిగింది. జిమీ హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్‌లో తమ దేశపు జాతీయగీతం గిటారు మీద వాయిస్తూ, మధ్యలో బాంబులు పడుతున్న చప్పుళ్ళు తెప్పించాడు చూడండి, అది మొదటిసారి విన్నప్పుడు చేతిలో పప్పు గరిటెతో అలాగే గుమ్మంలో నిలబడిపోయాను. బీ.బీ. కింగ్ ఒక్క స్వరాన్ని పట్టుకుని వణికిస్తే మన వీణ మీది గమకం గుర్తొస్తుంది. అంచేత నేనేదో గిట్టక రాస్తున్నాననుకోకండి. నా తగాదా ఆ సంగీతంతో కాదు, దాన్ని మెచ్చుకునేవాళ్ళతో.

ఆమధ్య ఒక ఆదివారం అయిదుగురూ కాగితాలు పుచ్చుకుని, ప్రపంచంలో గొప్ప గిటారు విద్వాంసులు పదిమంది ఎవరో రాయడం మొదలెట్టారు. హెండ్రిక్స్ మొదటివాడా, క్లాప్టన్ మూడోవాడా, జిమీ పేజ్‌ని నాలుగులో పెడితే మహాపాపమా అని కొట్టుకుంటుంటే పకోడీలు చల్లారిపోయాయి. పళ్ళెం తియ్యబోతూ కాగితాలు చూశాను. అయిదు కాగితాల మీదా కలిపి ఒక్క ఆడపేరు లేదు.

"ఏవండీ, ఆడవాళ్ళెవరూ లేరే?" అన్నాను.

మా వారు తలెత్తకుండానే, "ఇదేమన్నా ఆర్టీసీ బస్సుటే, ఆడవాళ్ళకని సీట్లు విడిగా ఉంచడానికి?" అన్నారు. అందరూ నవ్వారు. మా మరిది కాస్త మెత్తని మనిషి. "వాయించినవాళ్ళుంటే రాయమా వదినా? సంగీతానికి ఆడా మగా ఏమిటి?" అన్నాడు.

చూశారా, ఎంత న్యాయంగా ఉందో మాట! వాయించినవాళ్ళుంటే రాసేవారుట! అసలు వీళ్ళ సభలో నాకు ఎరిక అయిన ఆడపేరు ఒక్కటే, లూసిల్. బీ.బీ. కింగ్ గిటారు పేరది. 1949లో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్ళో ఆయన వాయిస్తుంటే, ఇద్దరు మగాళ్ళు ఒక ఆడమనిషి కోసం కొట్టుకుని, వెచ్చదనానికి పెట్టిన కిరసనాయిలు మంటని తన్నేశారు. హాలు అంటుకుంది. బయటపడ్డ ఆయన గిటారు కోసం మళ్ళీ మంటల్లోకి పరిగెత్తాడు. ఆ ఆడమనిషి పేరు లూసిల్ అని తెలిసి, ఇంక అలాంటి బుద్ధితక్కువ పని చెయ్యకూడదని గుర్తుంచుకోడానికి గిటారుకి ఆ పేరు పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఈ కథ కనీసం ఇరవైసార్లు చెప్పుకుని ఉంటారు. అంటే గిటారుకి ఆడపేరు ఉండచ్చు, దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం ఆడది కాకూడదన్నమాట.

నాకు పౌరుషం వచ్చింది. వారంరోజులు వెతికాను, చదివాను, విన్నాను. వచ్చే ఆదివారం వాళ్ళు వచ్చేసరికి 1964 నాటి కచేరీ ఒకటి టీవీలో సిద్ధంగా పెట్టాను.

ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర వాడుకలో లేని ఒక రైల్వే స్టేషను. మే నెల, వాన పడి తడిసిన ప్లాట్‌ఫారం. పట్టాలకి ఇవతల జనం, అవతల వాద్యాలు. గుర్రబ్బండి దిగి ఒక నల్లజాతి ఆవిడ వస్తుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, ఒంటి మీద మంచి కోటు. తిన్నగా వెళ్ళి ఎలక్ట్రిక్ గిటారు మెళ్ళో వేసుకుని మీటిందంటే చూడాలి! మన వాళ్ళలో ఏ పేరంటానికో వచ్చిన పెద్దముత్తయిదువలా ఉన్న మనిషి, ఆ తీగల మీద పిడుగులు కురిపించేసింది. పేరు సిస్టర్ రోజెట్టా థార్ప్. 1915లో ఆర్కన్సాలో పుట్టింది. తల్లి మాండొలిన్ వాయిస్తూ దైవప్రచారం చేసేది. ఆ తల్లి పక్కన చిన్నప్పటినుంచీ గిటారు పట్టుకుని తిరిగిన పిల్ల.

పై వాటా ఆయన కుర్చీలో ముందుకి జరిగి, "అబ్బో! అచ్చం మగాడిలా వాయిస్తోందండీ!" అన్నారు.

ఆయన మెచ్చుకోడానికే అన్నారు, పాపం. ఆవిడ బతికున్న రోజుల్లోనూ ఆవిణ్ణి మెచ్చుకున్నవాళ్ళు ఇదే మాట అన్నారుట. నేను లెక్క చెప్పాను. థార్ప్ మొదటి రికార్డు 1938లో వచ్చింది. అప్పటికి రాక్ అండ్ రోల్ తండ్రి అని మీరు కొలిచే చక్ బెర్రీకి పన్నెండేళ్ళు. ఎల్విస్ ప్రెస్లీకి మూడేళ్ళు. హెండ్రిక్స్ ఇంకా పుట్టలేదు. ఇందులో ఎవరు ఎవరిలా వాయించినట్టండీ? లిటిల్ రిచర్డ్ పద్నాలుగేళ్ళ కుర్రాడుగా ఉన్నప్పుడు తన కచేరీకి ముందు అతన్ని వేదిక మీద పాడించిందీ ఆవిడే. ఇన్ని చేసిన మనిషికి, 1986లో మొదలైన రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 2018లో. చనిపోయిన నలభై అయిదేళ్ళకి!

జాబితాల సంగతి ఇంకా విచిత్రం. రోలింగ్ స్టోన్ అనే అమెరికా పత్రిక 2003లో వందమంది గొప్ప గిటారిస్టుల పట్టిక వేసింది. అందులో ఆడవాళ్ళు ఇద్దరంటే ఇద్దరే, జోనీ మిచెల్, జోన్ జెట్. థార్ప్ లేదు. 2011లో మళ్ళీ వేశారు. మళ్ళీ ఇద్దరే, మళ్ళీ థార్ప్ లేదు. 2023లో రెండొందల యాభైమందితో వేసిన పట్టికలో ఆవిడ ఆరోస్థానంలో కూర్చుంది! నాకు తెలీకడుగుతాను, 1973లో కన్నుమూసిన మనిషి ఈ ఇరవై ఏళ్ళలో కొత్తగా ఏం సాధన చేసిందండీ? రికార్డులు అవే, రైల్వే స్టేషనూ అదే. మారింది వినేవాళ్ళ చెవులు.

"మాకు తెలీదు, తెలిస్తే రాయమా" అంటారు. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. వీళ్ళకి తెలియనిది ఏముంది? లెడ్ జెప్లిన్ వాళ్ళు 1971లో తెచ్చిన 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటకి డ్రమ్ములు ఒక పాత బంగళాలో మెట్ల కింద పెట్టి, మైకులు పై నుంచి వేలాడదీశారని తెలుసు. ఆ సంగతి ఒక పూటంతా మాట్లాడుకోగలరు. ఆ పాట రాసినవాళ్ళ వరుసలో మెంఫిస్ మిన్నీ అన్న పేరు అచ్చువేసి ఉంటే, అదెవరని ఒక్కడూ అడగలేదు. 1927లో మిసిసిపీ నది కట్టలు తెంచుకుని ఊళ్ళని ముంచేసింది. రెండేళ్ళ తర్వాత ఆ వరద మీద ఈ పాటని రికార్డు చేసింది మిన్నీ, ఆవిడ భర్త కాన్సస్ జో. పాడింది ఆయన. గిటారు మీద వేళ్ళు పరుగెత్తించింది ఆవిడ. షికాగోలో గిటారు పందెం పెడితే ఈవిడ తన్ను ఓడించిందని బిగ్ బిల్ బ్రూంజీ అంతటివాడు తన జీవితకథలో చెప్పుకున్నాడు. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1943లో ఒక పత్రికలో, షికాగో క్లబ్బులో ఐసు పెట్టె మీద కూర్చుని ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్న మిన్నీ గురించి రాశాడు. షికాగో బ్లూస్‌కి పెద్ద దిక్కని వీళ్ళు చెప్పుకునే మడ్డీ వాటర్స్ ఆ ఊళ్ళో అడుగుపెట్టింది ఆ ఏడే!

మా వాళ్ళు న్యాయం తెలియనివాళ్ళేం కాదు. నల్లవాళ్ళ పాటలు తెల్లవాళ్ళు వాడుకున్న వైనం, విల్లీ డిక్సన్ 1985లో లెడ్ జెప్లిన్ మీద దావా వేసి తన వాటా రాబట్టుకున్న వైనం ఆవేశంగా చెబుతారు. ఆ ఆవేశం చూస్తే నాకు ముచ్చటేస్తుంది కూడా. మరి అదే న్యాయం ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి బస్సులో సీటు ఎందుకయిపోతుంది?

హెండ్రిక్స్ ఎడంచేతివాటం వాడు. కుడిచేతి గిటారుని తిరగేసి, తీగలు మార్చుకుని వాయించాడని వీళ్ళు అబ్బురపడతారు. పడాల్సిందే. కానీ ఎలిజబెత్ కాటెన్ తీగలు కూడా మార్చుకోలేదు. నార్త్ కరోలినాలో నిరుపేద ఇల్లు. పిల్లకి ఎడంచేతివాటం. ఇంట్లో అన్నగారి బాంజో ఉంటే ఉన్నదున్నట్టుగా తలకిందులు చేసి పట్టుకుంది. అందరూ బొటనవేలితో మందర తీగలు మీటి, మిగతా వేళ్ళతో పాట పలికిస్తారు. ఈవిడ వేళ్ళతో మందరం, బొటనవేలితో పాట! ఒకరి ఇంట్లో పాచిపని చేసి, కూడబెట్టిన మూడు డాలర్ల డెబ్భై అయిదు సెంట్లతో సొంత గిటారు కొనుక్కుంది. పన్నెండేళ్ళు దాటకుండానే 'ఫ్రైట్ ట్రైన్' అనే పాట కట్టింది. తర్వాత పెళ్ళి, బిడ్డ. చర్చిలో పెద్దలు ఇలాంటి లౌకికం పాటలు తగవన్నారు. గిటారు మూల పడింది, పాతికేళ్ళకి పైగా.

వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన చిన్నపిల్ల కనిపిస్తే తల్లి దగ్గరికి చేర్చింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, సంగీతం రాసే మనిషి. కాటెన్‌ని తన ఇంట్లో పనికి పెట్టుకుంది. ఇల్లంతా జానపద సంగీతమే. గోడకి గిటారు వేలాడుతోంది. ఒకరోజు పని మధ్యలో దాన్ని దించి వాయించుకుంటుంటే ఇంట్లో పిల్లలు విన్నారు. అలా మళ్ళీ మొదలైంది. ఈలోగా ఆ పిల్లల్లో ఒకరి ద్వారా పాట ఇంగ్లండు చేరితే, అక్కడ ఇద్దరు పెద్దమనుషులు తమదేనని రాయించేసుకున్నారు. 1957లో అది అక్కడ హిట్టయి కూర్చుంది. ఆ తర్వాత పోరితే గాని అసలు మనిషి పేరు ఎక్కలేదు. కాటెన్ మొదటి రికార్డు వచ్చింది 1958లో, అరవై దాటాక. గ్రామీ బహుమతి వచ్చింది 1985లో, తొంభై దాటాక.

ఇది చదువుతూ నేను రెండుసార్లు పుస్తకం మూసేశాను. మా అటక మీద నా వీణ ఉంది. పాత దుప్పటి చుట్టి, పెళ్ళయిన మూడో ఏడు ఎక్కించాం. మానెయ్యమని ఎవరూ అనలేదు, మా అత్తగారితో సహా. వాయించమనీ ఎవరూ అనలేదు. అంతే. కాటెన్‌కి నాకూ పోలికేమిటని నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ "ఇంకోటి వాయించూ" అనే మనిషి ఎదురుగా లేకపోతే తీగ తుప్పు పడుతుందని నాకు తెలుసు. అందుకే ఈ మెచ్చుకునేవాళ్ళని ఊరికే వదలను. వీళ్ళు కూర్చుని వహ్వా అంటేనే రికార్డు మళ్ళీ అచ్చవుతుంది. వీళ్ళు జాబితా వేస్తేనే ఆ జాబితా చూసిన కుర్రాడు విని నేర్చుకుంటాడు. జాబితాలో ఆడపేరు లేకపోతే ఏ ఇంట్లోనో పదేళ్ళ పిల్ల గిటారు వంక చూసి, ఇది నాది కాదు కాబోలని పక్కకి తప్పుకుంటుంది.

ఆ కాలంలో గిటారు పట్టిన ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా తక్కువే కదా అంటారా, ఒప్పుకుంటాను. సగం చోటు ఇమ్మని నేను అడగడం లేదు. మొదలంటా ఉన్నవాళ్ళని మొదట రాయమంటున్నాను.

చచ్చినవాడి కళ్ళు చారెడన్నారు. వీళ్ళ విషయంలో అదీ జరగలేదు. మిన్నీ, థార్ప్ ఇద్దరూ 1973లోనే పోయారు, రెండు నెలల తేడాలో. ఇద్దరి సమాధుల మీదా పేరు చెక్కిన రాయి లేదు. మిన్నీకి 1996లో రాయి వేయించింది బోనీ రెయిట్, ఆవిడా గిటారు మనిషే. థార్ప్ కోసం 2008లో అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేశారు. అభిమానులు తలుచుకుంటే ఏమవుతుందో ఇదే సాక్ష్యం. తలుచుకోడానికి ముప్ఫై అయిదేళ్ళు పట్టింది, అదీ సంగతి.

నా ఉపన్యాసం అయ్యేసరికి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా మరిది కాగితం తీసి థార్ప్‌ని తొమ్మిదిలో రాశాడు. పై వాటా ఆయన తొమ్మిదేమిటయ్యా, అయిదులో పెట్టమన్నారు. అయితే జెఫ్ బెక్‌ని ఎక్కడికి తోస్తారని మా వారు లేచారు. మళ్ళీ మొదలు!

ఈ ఆదివారం మిన్నీని వినిపిస్తున్నాను. పకోడీలు మాత్రం మా వారినే వెయ్యమన్నాను. శనగపిండి డబ్బా ఏదో, జల్లిగరిటె ఎక్కడుందో చూపించాను కూడా.