నేరం కోడలిదేనా?

మేనరికం చేసుకున్న ఇంట్లో చెవిటి బిడ్డ పుడితే నింద తల్లిమీదే. అమ్మమ్మే అత్తగా మారిన ఇంట్లో కూడా అంతే. 'దాని కడుపు మంచిది కాదు' అనే మాటను ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో విననివాళ్ళు మనలో ఎవరు?

ఆ మాటకు జవాబు చెప్పగల పరిశోధన మన నేలమీదే జరిగింది. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు 1957లో కలకత్తాలో ప్రొఫెసర్ జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చేరారు. ఖరీదైన పరికరాలు లేకపోయినా, శ్రద్ధగా చూసి లెక్కపెట్టగలిగితే పరిశోధన సాధ్యమేనని హాల్డేన్ విద్యార్థులకు నేర్పారు. ఆ దారిలోనే కృష్ణారావు, పి. మీరాఖాన్ కలిసి 1960 దశకం మొదట్లో ఆంధ్రలోని మేనరికాల గురించి పరిశోధన పత్రాలు ప్రచురించారు.

జన్యుశాస్త్రం చెప్పేది స్పష్టం. వంశపారంపర్యంగా వచ్చే పుట్టుచెవుడు చాలావరకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తేనే బిడ్డకు వస్తుంది. అప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గర రక్తసంబంధంలో ఇద్దరూ ఒకే లోపాన్ని మోసే అవకాశం ఎక్కువ. ఇక పుట్టేది ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమును బట్టే ఉంటుంది.

ఇది పరీక్ష రాసి మరిచిపోయే పాఠం కాకూడదు. మన డిగ్రీ కాలేజీల అమ్మాయిలు అధ్యాపకుల తోడుతో, కుటుంబాల అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా వంశవృక్షాలు గీయాలి. తెలుసుకున్నది సంఘం సమావేశాల్లో చెప్పాలి.

ఆస్తి బయటికి పోకూడదని పెద్దలు కుదిర్చిన పెళ్ళికి శిక్ష కోడలెందుకు అనుభవించాలి?