పి.పి. ఆఫీసు తలుపు మనకూ తెరవండి

— తృతీయ బి.యస్సీ. (రసాయన శాస్త్రం) విద్యార్థి

చదువుకీ సమాజానికీ మధ్య గోడ ఉండకూడదని మన సభల్లో ఏటా చెప్పుకుంటాం. చప్పట్లు కొడతాం. మర్నాడు ఎవరి రికార్డు బుక్కు వాళ్ళు చంకన పెట్టుకుని ల్యాబుకు పోతాం. గోడ గోడలాగే ఉంటుంది. ఆ గోడకు ఒకచోట తలుపు పెట్టవచ్చునని నాకు తోచింది. ఆ చోటు కోర్టు ఆవరణలోని పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారి ఆఫీసు. గౌరవనీయులైన అధ్యాపకులకూ తోటి విద్యార్థి మిత్రులకూ ఈ సంగతి విన్నవించటానికే ఈ నాలుగు మాటలు.

పి.పి. గారంటే పోలీసుల వకీలని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నేరం ఒక మనిషికి జరిగినా సమాజం మొత్తానికి జరిగినట్టే లెక్క. కనుక కేసు ప్రభుత్వమే నడుపుతుంది. మేజిస్ట్రేటు కోర్టులో ఆ పని చేసేవారు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, సెషన్సు కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఈ ఏర్పాటు అలాగే ఉంది. ఎలాగోలా శిక్ష వేయించటం పి.పి. పని కాదనీ, నిందితుడికి న్యాయంగా దక్కవలసిన మేలు ఏదైనా ఉంటే దాన్ని కూడా కోర్టు ముందు ఉంచాలనీ సుప్రీంకోర్టు 1999లో శివకుమార్ వర్సెస్ హుకుంచంద్ కేసులో చెప్పింది. ల్యాబులో రీడింగు రాకపోతే రాలేదనే రాయాలని మన మాస్టార్లు చెప్పేదీ ఇదే నీతి కదా!

లా విద్యార్థులకు కోర్టు వాతావరణం కొత్త కాదు. బార్ కౌన్సిల్ 2008లో చేసిన నిబంధనల ప్రకారం మూడేళ్ళ కోర్సు వాళ్ళు 12 వారాలు, ఐదేళ్ళ కోర్సు వాళ్ళు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. వాళ్ళకు దారి ఉంది. నేను అడుగుతున్నది సైన్సు విద్యార్థికి. "కోర్టుతో నీకేం పని బాబూ, నీ టెస్ట్‌ట్యూబులు నువ్వు చూసుకో" అనేవారికి నా జవాబు ఒక పురుగుమందు డబ్బా.

మాది వ్యవసాయ కుటుంబం. మందు కొట్టినా పురుగు చావకపోతే రైతు ముందుగా తననే అనుమానించుకుంటాడు. డోసు తగ్గిందేమో, కొట్టిన సాయంత్రం వాన పడిందేమో అనుకుని మళ్ళీ అప్పుచేసి మళ్ళీ కొడతాడు. మందే నాసిరకమని తేలేసరికి పంట పోతుంది, అప్పు నిలుస్తుంది. మా పక్క చేను వాళ్ళకు ఒక ఏడు ఇలాగే జరిగింది. శాంపిలు తీశారు, కేసు పెట్టామన్నారు. ఆ తర్వాత అది ఏమైందో వాళ్ళకు చెప్పిన నాథుడు లేడు.

ఇలాంటి కేసు ఎక్కడ చిక్కుకుంటుందో చూద్దాం. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టరు తీసిన శాంపిలును మూడు భాగాలుగా చేసి సీలు వెయ్యాలి. ఒకటి దుకాణదారుకు, ఒకటి అనలిస్టుకు, ఒకటి కోర్టుకు. అనలిస్టు 30 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. దాన్ని కాదనదలిస్తే ఆ కాపీ అందిన 28 రోజుల్లో నిందితుడు రాతపూర్వకంగా చెప్పాలి. అప్పుడు కోర్టు దగ్గరున్న శాంపిలు సెంట్రల్ ఇన్‌సెక్టిసైడ్స్ లేబొరేటరీకి వెడుతుంది. అక్కడి మాటే ఆఖరు మాట.

బాగానే ఉంది. కానీ డబ్బా మీద గడువు తేదీ ఒకటి ఉంటుంది. కాయితాలు ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగి కోర్టు చేరేలోగా ఆ తేదీ దాటిపోతే రెండో పరీక్ష చేసీ లాభం లేదు. తిరిగి పరీక్ష చేయించుకునే హక్కు పోయింది గనుక కేసు నిలవదు. హర్యానా ప్రభుత్వం నడిపిన ఒక కేసు సరిగ్గా ఈ కారణం మీదే 1999లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. తప్పు జడ్జీలది కాదు, నిందితుడి హక్కు కూడా హక్కే. తప్పు ఆలస్యానిది. మందు మంచిదో చెడ్డదో తేలకుండానే కథ ముగుస్తుంది, రైతు నోట్లో మట్టి పడుతుంది.

ఇక్కడ లా చదువు ఎంత అవసరమో కెమిస్ట్రీ చదువూ అంతే అవసరం. రోజుకు ఇన్ని ఫైళ్ళు చూసే ఎ.పి.పి. గారి బల్ల పక్కన మనవాడు ఒకడు కూర్చున్నాడనుకోండి. శాంపిలు తీసిన తేదీ, అనలిస్టుకు చేరిన తేదీ, రిపోర్టు అందిన తేదీ, మందు గడువు తీరే తేదీ, ఈ నాలుగూ ఒక పట్టిక వేసి ముందు పెడతాడు. లేబిలు మీద క్రియాశీల పదార్థం ఎంత శాతం అని ఉంది, రిపోర్టులో ఎంత తేలింది అన్నది తేట తెలుగులో చెబుతాడు. ఇది థర్డియర్ విద్యార్థి చెయ్యలేని పనా?

పురుగుమందుల కేసులే కాదు. విషం తాగిన కేసులో లోపలి అవయవాలను పరీక్షకు పంపేటప్పుడు సాధారణంగా ఉప్పు సంతృప్త ద్రావణంలో ఉంచుతారు, ఫార్మలిన్‌లో ఉంచితే విషాన్ని పట్టుకోవటం కష్టమవుతుంది. ఎందుకో మన పాఠంలో ఉంది, దాని అవసరం మాత్రం కోర్టు ఫైల్లో ఉంది. ఏడేళ్ళూ అంతకు పైబడి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి వెళ్ళి తీరాలని కొత్త సంహిత అంటున్నది. దీన్ని అమల్లోకి తేవటానికి రాష్ట్రాలకు అయిదేళ్ళ వరకు వ్యవధి ఇచ్చారు. అంటే రేపు ప్రతి ఫైల్లోనూ సైన్సు రిపోర్టు ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు వద్దా?

ఆక్షేపణలు లేకపోలేదు. రహస్యాలు బయటికి పొక్కుతాయంటారు. నిజమే, ఆ భయం ఉండాలి. అందుకే స్త్రీల మీద, పిల్లల మీద జరిగిన నేరాల ఫైళ్ళు విద్యార్థి చేతికి ఇవ్వకూడదు. సెల్‌ఫోను గుమ్మం బయటే పెట్టించాలి. సాక్షులతో కేసు సంగతి మాట్లాడనివ్వకూడదు. తన ఊరి కేసు, తన బంధువుల కేసు ముట్టుకోనివ్వకూడదు. పి.పి. గారికి తీరికెక్కడిదని మరికొందరంటారు. ఒక బ్యాచిలో ఇద్దరిని మించి పంపవద్దు. వెళ్ళేముందు మన లా కాలేజీ అధ్యాపకుల చేత వారం రోజులు పాఠం చెప్పిస్తే పి.పి. గారు అ ఆ ల నుంచి నేర్పనక్కర్లేదు.

మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. మంచి ఉద్దేశమే. కానీ కొందరు దాన్ని ఎలా గడుపుతున్నారో మనకు తెలియంది కాదు. సెల్‌ఫోన్లో నాలుగు వీడియోలు, చివర రంగుల సర్టిఫికెట్టు! అదే రెండు నెలలు ఒక ప్రాసిక్యూటర్ గారి దగ్గర కూర్చుంటే, తాను రాసే ప్రతి తేదీ వెనకా ఒక మనిషి బతుకు ఉందని తెలుస్తుంది. ఆ ఎరుక ఏ ప్రాక్టికల్సులోనూ రాదు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడని మన పెద్దల సామెత. నమ్మకం చచ్చిపోయిన చోట పుట్టిన మాట అది. కోర్టు లోపల ఏం జరుగుతుందో చూసిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురుంటే సాక్షికి వెళ్ళే రైతుకు దారి చెప్పేవాళ్ళుంటారు. శాంపిలు ఏమైందని ధైర్యంగా అడిగేవాళ్ళుంటారు.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నా విన్నపం. ప్రిన్సిపాల్ గారి ద్వారా డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్ గారికి ఈ సంవత్సరమే ఒక అర్జీ పెట్టండి. పల్లెల నుంచి వచ్చినవాళ్ళ కోసం ఆ రెండు నెలలూ హాస్టలు తెరిచి ఉంచమని అడగండి. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థుల్లో న్యాయవాద వృత్తిలో ఉన్న పెద్దలు ఒక మాట సాయం చెయ్యండి. మొదటి ఏడు ఇద్దరికి అవకాశం దొరికినా చాలు. మిగతావాళ్ళకు దారి వాళ్ళే వేస్తారు.