సైన్యంలో స్త్రీలు: రెండు ప్రశ్నలు

సైన్యంలో స్త్రీల ప్రవేశం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా మన సంఘాల్లో రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఏ ఉద్యోగమైనా స్త్రీలకు సమానంగా అందాలన్నది ఒకటి. హింసను ఆధారం చేసుకున్న వ్యవస్థలో సమానత్వం కోరడమేమిటన్నది రెండోది. స్త్రీల ఉద్యోగ పరిస్థితులను అధ్యయనం చేస్తున్న నాకు ఈ రెండింటిలో ఒకదాన్ని వదులుకోవాలనడం సరికాదనిపిస్తుంది.

ముందు ఉద్యోగం సంగతి చూద్దాం. మన దేశంలో సైన్యంలోకి స్త్రీలు మొదట 1888లో నర్సులుగా వచ్చారు. సేవ స్త్రీల సహజగుణమని నమ్మే సమాజానికి ఇందులో అభ్యంతరం కనిపించలేదు. కానీ నర్సు పెళ్లి చేసుకుంటే ఆ సేవ కూడా అక్కర్లేకపోయింది. పెళ్లి కారణంగా 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న లెఫ్టినెంట్ సెలీనా జాన్‌కు 60 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2024లో ఆదేశించింది. న్యాయానికి 36 ఏళ్లు పట్టింది.

వైద్యసేవలు కాక ఇతర విభాగాల్లో స్త్రీలను అధికారులుగా తీసుకోవడం 1992లో మొదలైంది, అదీ ఐదేళ్లకే. తర్వాత ఆ గడువును పెంచుతూ 14 ఏళ్లకు తెచ్చారు. పింఛను రావాలంటే మాత్రం 20 ఏళ్ల సర్వీసు ఉండాలి! అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలతో కలిసి పనిచేసే మనకు ఈ పద్ధతి కొత్తదేం కాదు. పని కావాలి, పనిచేసే మనిషి బాధ్యత మాత్రం వద్దు.

పల్లెల నుంచి వచ్చిన సైనికులు స్త్రీల ఆజ్ఞలను స్వీకరించడానికి మానసికంగా సిద్ధంగా లేరని ప్రభుత్వం సుప్రీంకోర్టులో వాదించింది. ఆ పల్లెల్లోనే స్త్రీలను సర్పంచులను చేసిన 73వ రాజ్యాంగ సవరణను పార్లమెంటు ఆమోదించింది కూడా 1992లోనే. మగవాళ్ల అయిష్టాన్ని స్త్రీల అనర్హతగా చూపించే ఈ వాదనను కోర్టు 2020 ఫిబ్రవరి 17న తోసిపుచ్చి, వారికి పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని తీర్పు చెప్పింది.

అంతటితో అయిపోలేదు. మగ అధికారులకు యువవయసులో పెట్టే శారీరక ప్రమాణాలనే నలభై దాటిన స్త్రీలకు వర్తింపజేసి చాలామందిని తిరస్కరించారు. పైకి అందరికీ ఒకే నియమంలా కనిపించే ఇది పరోక్ష వివక్షేనని 2021లో మళ్లీ కోర్టే చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాతే నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. 2025 మేలో 17 మంది అమ్మాయిలు అక్కడ శిక్షణ పూర్తి చేశారు.

ఇక రెండో ప్రశ్న. మనోరమ హత్య తర్వాత 2004 జూలైలో ఇంఫాల్‌లో అస్సాం రైఫిల్స్ గేటు ముందు మణిపురి తల్లులు నగ్నంగా నిలబడ్డారు. సాయుధ బలగాల లైంగిక హింసను సాధారణ నేర చట్టం కిందికి తేవాలని జస్టిస్ వర్మ కమిటీ 2013లో సిఫారసు చేసింది. సైనికులపై కేసు నడపాలంటే కేంద్రం అనుమతి కావాలనే ప్రత్యేకాధికారాల చట్టం మాత్రం అలాగే ఉంది. స్త్రీలు అధికారులైనంత మాత్రాన ఇది మారదు. ఆ భారాన్ని వారిమీద మోపడమూ న్యాయం కాదు.

పింఛను కోసం, హోదా కోసం కోర్టుకెక్కిన స్త్రీలకు మన మద్దతు ఉండాలి, ఎందుకంటే అది శ్రామిక హక్కు. వారు ధరించిన యూనిఫాం పౌరులకు జవాబుదారీగా ఉండాలని అడగడమూ మన పనే. పత్రికలు తొలి మహిళా అధికారుల ఫోటోలు ప్రచురించినప్పుడు సంతోషిద్దాం. మణిపురి తల్లులడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదని కూడా ఆ రోజే గుర్తు చేద్దాం.