రానున్న వారము – తీరవాసుల బాధ్యత

అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఆంధ్రతీరవాసులకు రానున్న వారపు గాలివానలను గూర్చిన విచారము ప్రాణముతో ముడివడిన విచారము. బంగాళాఖాతపు జలము 26 డిగ్రీలకు మించి వేడెక్కియుండ, దానినుండి లేచిన తేమయే అల్పపీడనమునకు బలమై, వాయుగుండముగను, తుఫానుగను పరిణమింపజేయును. తుఫాను వెంట వచ్చు ఉప్పెన గాలికంటె ఘోరమైనది. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అదియే. దివిసీమలో దాదాపు 10,000 మంది మరణించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసినను, జనులను ముందుగా తరలించుటచే రాష్ట్రమున మృతులసంఖ్య వందకు లోబడియే యుండెను.

వాతావరణశాఖవారు ప్రతి గురువారము రానున్న రెండు వారములలో తుఫాను పుట్టు అవకాశమును ప్రకటించుచున్నారు. తీరము దాటు తావును, వేళయు రెండుమూడు దినములు ముందు గాని స్పష్టపడవు. అంతమాత్రమున తొలి సూచనను పరిహసించుట తగదు. సిద్ధపడుటకు వ్యవధి నిచ్చునది అదియే.

ఆ వ్యవధిలో భూస్వాములు కోసిన పనలను చేలలో విడువక కుప్ప వేయింపవలెను, మురుగుకాలువలను బాగుచేయింపవలెను. తుఫాను ముంగిట నిలిచినపుడు కూలివానిని చేనికి పంపి తాము మేడలో నుండుట ధర్మమా? ఆ దినమున మేడల తలుపులు గుడిసెవారికి తెరువబడవలెను. వేట మానుకొన్న జాలరి యింట పొయ్యి వెలుగునట్లు చూచుట ప్రభుత్వము విధి. ఆకలిగొన్నవాడు హెచ్చరికను విన్నను సముద్రమునకే పోవును. కూడు లేని హెచ్చరిక రక్ష కాజాలదని మా నిశ్చితాభిప్రాయము.