పాదచారికి కొత్త కన్ను

మానవుడు చక్రాన్ని కనుగొనక పూర్వమే నడక నేర్చినాడు. బాటలు మొదట పుట్టినవి నడిచేవాని కొరకే. అయినను నేడు బాటపై అందరికంటె దిక్కులేనివాడు నడిచేవాడే. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశపు రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. వారిలో 32,825 మంది పాదచారులు. అనగా ప్రతి ఐదుగురు మృతులలో దాదాపు ఒకరు కాలినడకన పోవుచున్నవారే.

పేరులోనే సంతను నిలుపుకొన్న సంతబొమ్మాళిని గాని, టెక్కలి, పలాస బజారులను గాని ఒకసారి తలచుకొనండి. ఒకే బాటపై ఆర్టీసీ బస్సు, ఆటో, సైకిలు, నౌపడా ఉప్పు మోసే లారీ, జీడిపిక్కల బస్తాలతో ట్రాక్టరు, వీటి నడుమ మేకల మంద, బడిపిల్లలు, తలపై గంపతో స్త్రీలు. ఎవరి దారి ఏదో చెప్పే గీత లేదు. ఒకరి ముఖం ఒకరు చూచుకొని, చేయి ఊపి, ఆగి, కదలి పోవుచుందురు. ఇది ఉమ్మడి వీధి.

ఆశ్చర్యమేమనగా, హాలెండు దేశస్థులు ఇటువంటి వీధిని కోరి నిర్మించుకొన్నారు. 1970 ప్రాంతంలో డెల్ఫ్ట్ నగరంలో మొదలైన ఈ పద్ధతికి 1976లో ఆ దేశం చట్టరూపమిచ్చినది. తరువాత హాన్స్ మోండర్మన్ అనే ఇంజనీరు డ్రాఖ్టెన్ పట్టణపు కూడలిలో సిగ్నల్ దీపాలను తొలగించి, మనుషులు కంటిచూపుతోనే ఒకరికొకరు దారి ఇచ్చుకొనే ఏర్పాటు చేసినాడు. అయితే అక్కడి ఇళ్ళ నడుమ వీధులలో బండి మనిషి నడక వేగానికి దగ్గరగానే పోవలెను. మనకు ఉమ్మడి వీధి ఉన్నది గాని, దానికి ప్రాణమైన ఆ మందగమనం లేదు.

ఆ కొద్దిపాటి మందగమనమును సైతం కోల్పోయే కాలం సమీపిస్తున్నది. సంతబొమ్మాళి మండలంలోని మూలపేట రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. ఏడాదికి సుమారు రెండు కోట్ల ముప్పై లక్షల టన్నుల సరకును ఎగుమతి దిగుమతులు చేయగల రేవుగా దానిని తలపెట్టినారు. రేవు వలన ఉపాధి కలుగవచ్చును, సంతోషమే. కాని ఆ సరకులో కొంతభాగమైనను లారీలపైనే కదలక తప్పదు. ఆ లారీలు మన ఊళ్ళ పక్కగా పోవలెనా, ఊళ్ళ మధ్యగా పోవలెనా అన్నది నేడే ఆలోచించవలసిన ప్రశ్న.

ఇట్టి సమస్యకు శాస్త్రజ్ఞులు ఒక కొత్త ఉపాయం చూపుచున్నారు. దానిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అందురు. కంటి ఎదుట ఉన్న దృశ్యంపైనే, సెల్‌ఫోను తెర ద్వారా గాని కళ్ళజోడు ద్వారా గాని, లేని బొమ్మను, గీతను, హెచ్చరికను చేర్చి చూపే విద్య ఇది. 2020 నుండి కొన్ని ఖరీదైన కార్లలో డ్రైవరు ముందు అద్దంపై దారి గుర్తులు ఈ విధంగానే కనిపించుచున్నవి. పాదచారికి కూడ ఇట్టి కళ్ళజోడు పెట్టి, వచ్చే వాహనాన్ని గురించి హెచ్చరించవచ్చునని కొందరి ప్రతిపాదన.

నా అభిప్రాయంలో ఇది తలక్రిందులైన ఆలోచన. ప్రమాదాన్ని తెచ్చేది వాహనం. జాగ్రత్త ఖర్చు మాత్రం నడిచేవానిది! కళ్ళజోడు కొనలేని కూలీ గతి ఏమి? పైగా ఉమ్మడి వీధిని కాపాడేది చూపుల కలయిక. ఆ చూపును తెరకు అప్పగించినచో వీధి ధర్మమే చెడును. ఈ విద్యనే వినోదానికి వాడిన పోకెమాన్ గో అనే ఆట 2016లో ప్రపంచాన్ని ఊపినది. ఆ ఏడు ఆగస్టులో జపానులోని తొకుషిమలో ఆ ఆట ఆడుతూ కారు నడిపిన వ్యక్తి ఇద్దరు పాదచారులను ఢీకొనగా ఒకరు మరణించినారు.

అయితే చూపులేని వారి సంగతి ఏమిటని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అంధులకు ఉమ్మడి వీధి భయంకరమైనదే. అందుచేతనే బ్రిటిషు ప్రభుత్వం 2018లో, కాలిబాటకు రోడ్డుకు మధ్య అంచు లేకుండా చేసే కొత్త పథకాలను ఆపవలసినదిగా స్థానిక సంస్థలను కోరినది. ఆ 2018లోనే మైక్రోసాఫ్ట్ సంస్థ సౌండ్‌స్కేప్ అనే సాధనాన్ని విడుదల చేసినది. అది ఏ కూడలి ఏ దిక్కున ఉన్నదో ఆ దిక్కు నుండే చెవికి వినిపించును. ఎంతో ఉపకారం! కాని 2023లో ఆ సంస్థ దానిని నిలిపివేసి, దాని కోడ్‌ను ఇతరులు వాడుకొనుటకు వదలివేసినది. ఒక సంస్థ నిర్ణయంతో మూతపడగల సాధనం తోడుగా ఉండవచ్చును గాని, ప్రాణరక్షణకు ఏకైక ఆధారం కారాదు.

మరి ఈ విద్యకు తగిన చోటు ఏది? వీధి దాటే క్షణం కాదు. వీధిని గురించి నిర్ణయించే సభ. ఇంజనీరు గీసిన పటం సామాన్యునికి అర్థం కాదు. అదే వీధిలో నిలబడి ఫోను ఎత్తి చూచినప్పుడు, రాబోయే కాలిబాట, స్పీడు బ్రేకరు, నీడకు చెట్టు ఉన్నచోటనే కనిపించినచో, చదువురాని ముసలమ్మ కూడ "ఇక్కడ కాదు నాయనా, బడి గుమ్మం ఎదుట పెట్టండి" అని చెప్పగలదు. ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ జొహానెస్‌బర్గ్ నగరంలో ఇట్టి ప్రయత్నమే చేసినది.

ఫోను చూపే బొమ్మ సిమెంటుగా మారినప్పుడే ప్రాణం నిలుచును. లెక్క సులభమే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, డ్రైవరు తేరుకొనే ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. 30 అయినచో 8 మీటర్లే. బ్రేకు వేసిన పిమ్మట ఆగే దూరం సుమారు నాలుగవ వంతగును. ఏ కళ్ళజోడు ఇవ్వలేని రక్షణ ఇది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు సైతం ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసినది.

కావున కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. వచ్చే విద్యాసంవత్సరంలో విద్యార్థులచే ఒక్క వీధిని ఎన్నుకొనజేయండి. వారము రోజులు ఎవరు ఏ గంటలో ఎక్కడ దాటుచున్నారో వారు లెక్కించెదరు గాక. ఆ లెక్కను బట్టి వీధి ఎట్లుండవలెనో ఫోను తెరపై రూపొందించి, తెలుగులోను ఉర్దూలోను వివరించి, గ్రామసభ ముందు ఉంచెదరు గాక. విజ్ఞానం ధనవంతుని కారు అద్దానికే పరిమితం కాక, చెప్పులు లేని పాదానికి అండగా నిలిచిననాడే మనం చదివిన చదువుకు సార్థకత.